పదమూడు వారాల గోవర్ధనం

కిష్టారెడ్డిపేట,
9 జూన్ 2003.

పకపక పిక్చర్స్ నిర్మాత గారికి,

పటాన్‌చెరు పైపుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరైన మొగులయ్య రాస్తున్నాడు. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం కోరడం ఆనవాయితీ గానీ, మీ జవాబు చూశాక కోరుదామని ప్రస్తుతానికి ఆపి ఉంచాను.

నిన్న ఆదివారం పేపర్లో మీ ప్రకటన చదివాను. 1988లో మంగళవారం మంగళవారం సాయంత్రం టీవీలో పదమూడు వారాలు వచ్చిన 'టైమాఫీసు గోవర్ధనం' అనే హాస్య సీరియల్‌ను మీరు సినిమాగా తీస్తున్నారట. పాత సీరియళ్ళను వెతికి హాస్య చిత్రాలు చేయడం ఈమధ్య మీ వాళ్ళకు పట్టిన జబ్బు. మిగిలిన అన్నానికి పొద్దున తాలింపు వేసి పులిహోర అని వడ్డించడం లేనివాళ్ళ ఇంట్లో తప్పు కాదు. మీకేమొచ్చింది? కొత్తగా నవ్వించడం చేతగాకపోతే నవ్వించడమే మానుకోవచ్చు. ఎవరూ కేసు పెట్టరు.

నేను మాత్రం పెడతాను. ఎందుకంటే ఆ గోవర్ధనం నేనే.

ఆ సీరియల్ రాసిన పోచయ్య మా ఫ్యాక్టరీలోనే స్టోర్‌కీపరు. నాకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు. ఒకే లైబ్రరీ కార్డు మీద ఇద్దరం పుస్తకాలు తెచ్చుకుని చదివినవాళ్ళం. అటువంటివాడు నా బతుకును తీసుకెళ్ళి టీవీలో పెట్టాడు. పదమూడు వారాలు క్యాంటీను క్యాంటీనంతా నన్ను చూసి నవ్వింది. ఆనాటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఆ పగతో నేను ఎనిమిదేళ్ళు ఇంట్లోకి టీవీనే రానివ్వలేదు. కర్మ ఏమిటంటే, రిటైరయ్యాక ఇద్దరం ఈ కిష్టారెడ్డిపేటలోనే రెండు గల్లీల తేడాతో ఇళ్ళు కట్టుకున్నాం. పొద్దున పాలబూతు దగ్గర ఎదురుపడితే నేను పాల ప్యాకెట్టు మీది తారీఖు చదువుతాను. అతను ఆకాశం చదువుతాడు.

పదిహేనేళ్ళకు జనం మరిచిపోయారు. నన్ను 'సార్' అని పిలిచేవాళ్ళు ఈ కాలనీలో నలుగురైదుగురు తయారయ్యారు. మీ సినిమా వస్తే వాళ్ళూ పోతారు. కాబట్టి ఆపేయండి.

ఇట్లు,
నవ్వులపాలైన
మొగులయ్య

తా.క.: ఈ ఉత్తరం చదివి వినిపిస్తే నా భార్య ముత్యమ్మ, "సినిమాల నువ్వుంటే నేను గూడ ఉండాలె గద. నా పాత్ర ఎవలేస్తున్నరో గది అడుగు" అంటున్నది. నేను అడగడం లేదు. ఆమె అన్నదని రాశాను.

*

హైదరాబాదు,
16 జూన్ 2003.

గౌరవనీయులు మొగులయ్య గారికి నమస్కారాలు.

నా పేరు కనకమహాలక్ష్మి. పకపక పిక్చర్స్ కథా విభాగం నాది. విభాగం అంటే నేనూ, ఒక ఫ్యానూ.

మీ మనసు నొప్పించడం మా ఉద్దేశం కాదండి. మా ఇబ్బంది కూడా వినండి. ఆ సీరియల్ మా దగ్గర లేదు. ఆ రోజుల్లో టేపులు దొరక్క, వాటి మీదే తర్వాత వేరే కార్యక్రమాలు రికార్డు చేశారట. పోచయ్య గారు తన రాతప్రతి కూడా అప్పుడే టీవీ వాళ్ళకు ఇచ్చేశారు, తిరిగి రాలేదు. మేము హక్కులు కొన్నాం గానీ కొన్నదేమిటో మాకే తెలియదు. పోచయ్య గారిని అడిగితే, "గోవర్ధనం శాన మంచోడమ్మా" అని అక్కడితో ఆగిపోతున్నారు. ఆ ఒక్క ముక్కతో రెండున్నర గంటలు ఎలా నడిపించాలో మా దర్శకుడు గారికి పాలుపోవడం లేదు.

కాబట్టి మీకు కష్టం కలిగించిన సంఘటనలేమిటో దయచేసి రాయండి. ఎక్కడ జరిగింది, ఎవరెవరున్నారు, ఎవరు ఏమన్నారు, అన్నీ వివరంగా ఉంటే మేము జాగ్రత్తగా ఉంటాం.

భవదీయురాలు,
కనకమహాలక్ష్మి

తా.క.: ముత్యమ్మ గారి పాత్ర సంగతి మీరు అడగలేదు కనుక నేనూ చెప్పడం లేదు. కానీ ఆలోచిస్తున్నాం.

*

కిష్టారెడ్డిపేట,
21 జూన్ 2003.

కనకమహాలక్ష్మి గారికి,

మీ ఉత్తరంలో అచ్చుతప్పులు లేవు. సినిమావాళ్ళలో ఇది నేను ఊహించలేదు. ఆ గౌరవంతోనే జవాబు రాస్తున్నాను.

పోచయ్య 'మంచోడు' అన్నాడా? అదే అతని పద్ధతి. కత్తిని తేనెలో ముంచి దించుతాడు. ఇక అతను టీవీకి ఎక్కించిన నా సంగతులు వినండి.

ఒకనాడు ఇస్నాపూర్ దగ్గర లారీ బోల్తాపడి నేనెక్కిన బస్సు ఆగిపోయింది. గేటుకు నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరాను. ఆలస్యమైనవాడికి మెమో ఇవ్వడం నా ఉద్యోగం. నాకు నేనే మెమో ఇచ్చుకున్నాను. నిలబడి సంజాయిషీ రాసి, కూర్చుని చదివాను. తృప్తికరంగా లేదు. తిరస్కరించి సగం రోజు సెలవు కోసుకున్నాను. దీన్ని న్యాయం అంటారు. టీవీలో దీన్ని హాస్యం అన్నారు.

మరోసారి యూనియన్ వాళ్ళు సమ్మె నోటీసు తెచ్చి నాకు ఇచ్చారు. మేనేజరుకు అందజేయడమే నా పని. చదివితే, మొదటి పేరాలోనే కర్త లేడు. డిమాండ్లు ఉన్నాయి గానీ అడుగుతున్నది ఎవరో లేదు. ఎర్ర పెన్సిలుతో దిద్ది, మళ్ళీ రాసుకు రమ్మని పంపాను. మూడుసార్లు తిరగరాశారు. ఈలోగా రెండు రోజులు గడిచాయి, కోపాలు చల్లబడ్డాయి, సమ్మె ఆగింది. యూనియన్ లీడరు గేటు ముందు నిలబడి నాతో అన్న మాట ఇది: "మొగులన్నా, మేనేజిమెంటోళ్ళతోని కొట్లాడొచ్చు గాని నీ ఎర్ర పెన్సిలుతోని మాతోని కాదు." ఈ మాటకు టీవీ చూసినవాళ్ళు పడీ పడీ నవ్వారట.

ఇంకా ఉన్నాయి. ఈ రెండింటికే నాకు బీపీ పెరిగింది.

ఇట్లు,
మొగులయ్య

తా.క.: ఆ సంజాయిషీ నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నిన్న మళ్ళీ చదివాను. ఇప్పటికీ తృప్తికరంగా లేదు.

*

హైదరాబాదు,
28 జూన్ 2003.

మొగులయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం దర్శకుడు గారికి చదివి వినిపించాను. సమ్మె నోటీసు దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, మిగతాది కూడా చదవమన్నారు.

ఇంకా ఉన్నాయన్నారు. దయచేసి అన్నీ రాయండి. ఎన్ని ఉంటే అన్ని. ఏ సంఘటన సీరియల్లో ఏ వారం వచ్చిందో కూడా గుర్తుంటే రాయగలరు. మెమో రాసుకున్న రోజు మీరు వేసుకున్న చొక్కా రంగు ఏమిటి? సంజాయిషీ రాసేటప్పుడు కుర్చీకి ఏ పక్కన నిలబడ్డారు? మా వాళ్ళు పదే పదే అడుగుతున్నారు.

భవదీయురాలు,
కనకమహాలక్ష్మి

తా.క.: ఆ సంజాయిషీ నకలు కూడా ఒకటి పంపగలరా? దర్శకుడు గారు ఫ్రేము కట్టించుకుంటారట.

*

కిష్టారెడ్డిపేట,
5 జూలై 2003.

కనకమహాలక్ష్మి గారికి,

మీ దర్శకుడు కన్నీళ్ళు పెట్టుకున్నాడని చదివి నా కోపం సగం తగ్గింది. ఒక మనిషి అవమానం విని ఏడ్చే సినిమా దర్శకుడు ఉంటాడని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మీ ప్రశ్నలను బట్టి నాకు విషయం అర్థమైంది. చొక్కా రంగు, నిలబడ్డ చోటు, ఇవన్నీ సాక్ష్యానికి అడిగే ప్రశ్నలు. కథ ఏదో చెప్పకుండా హక్కులు అమ్మినందుకు మీరూ పోచయ్య మీద దావా వేయబోతున్నారు. సంతోషం. మనం ఇద్దరం కలిసే వేద్దాం. మీ తరఫున, నా తరఫున నేనే ఒక నోటీసు రాసి జత చేశాను. పదహారు పేజీలు. వకీలు చూసి, "ఇది నోటీసు కాదు, గ్రంథం" అన్నాడు. అతనికి చదివే అలవాటు లేదు.

చొక్కా ఖాకీ. నిలబడింది కుడి పక్కన.

దసరాకు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. పురోహితుడు వచ్చాడు, గేటు పాసు లేదు. నేను ఆపాను. "ముహూర్తం దాటుతున్నది బాబూ" అన్నాడు. ముహూర్తం పాసు ఇవ్వదు, పర్సనెల్ ఆఫీసు ఇస్తుంది అన్నాను. ఆఫీసుకు ఆ రోజు సెలవు. చివరికి లోపల మేనేజరు, బయట పురోహితుడు, మధ్యలో గేటు కమ్మీల్లోంచి పూజ జరిగింది. కొబ్బరికాయ మాత్రం నేనే తనిఖీ చేసి లోపలికి పంపాను.

ఇంకొకటి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సాక్ష్యం కాబట్టి రాస్తున్నాను. నేను అన్నం డబ్బా మరిచిపోతే ముత్యమ్మ అప్పుడు మేముండే లక్డారం నుంచి నడిచి తెచ్చింది. వచ్చినవాళ్ళ రిజిస్టరులో రాయందే ఎవరినీ పంపకూడదు. ఆమెకు రాయడం రాదు. వాచ్‌మన్‌ను రాయమన్నాను, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. కలవవలసిన మనిషి: మా ఇంటాయన. వచ్చిన పని: నా కర్మ. సంతకం దగ్గర వేలిముద్ర. అన్నం గంట కొట్టేదాకా ఆమెను ఎండలో నిలబెట్టాను. ఇది నేను చేసిన తప్పే. కానీ దాన్ని టీవీలో పెట్టే హక్కు పోచయ్యకు ఎవరిచ్చారు?

ఏ వారం ఏది వచ్చిందో నేను చెప్పలేను. నేను ఒక్క భాగం కూడా చూడలేదు. ఆ పదమూడు వారాలూ నాకు బీ షిఫ్టు పడింది, మధ్యాహ్నం రెండు నుంచి పది దాకా. మామూలుగా వారానికొక షిఫ్టు మారేది. అప్పుడు మాత్రం మారలేదు. క్రమశిక్షణ కోసం నన్ను ప్రత్యేకంగా ఎంచుకున్నామని ఆఫీసు వాళ్ళు చెప్పారు. అయినా నాకు తెలియని భాగం లేదు. క్రేన్ ఆపరేటరు ఐలన్న జనరల్ షిఫ్టు. ప్రతి బుధవారం మూడు గంటల టీకి క్యాంటీనులో నిలబడి, ముందురోజు టీవీలో వచ్చింది నా ముందరే అందరికీ చేసి చూపేవాడు.

ఇట్లు,
మీ సహ ఫిర్యాదుదారు
మొగులయ్య

తా.క.: రిజిస్టరు సంగతి రాశానని ముత్యమ్మకు చెప్పాను. "ఎండల నిలవెట్టింది రాసినవు, లోపలికి వచ్చినంక పచ్చిపులుసుల ఉప్పు లేదని నన్నన్నది రాసినవా?" అన్నది. రాశాను.

*

హైదరాబాదు,
2 ఆగస్టు 2003.

పూజ్యులు మొగులయ్య గారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ఇది ఐదోది.

మొదట నిజం చెప్పాలి. దర్శకుడు గారి కళ్ళల్లో వచ్చింది ఏడుపు నీళ్ళు కాదండి. నవ్వి నవ్వి వచ్చినవి. మీరు రాసినవన్నీ సీరియల్లోవే అనుకున్నాం. హక్కులు కొన్నాం కదా, ఇవీ మనవే అని దర్శకుడు గారు చిత్రీకరణ మొదలుపెట్టారు. మెమో, సమ్మె నోటీసు, కమ్మీల పూజ, రిజిస్టరు, అన్నీ తీసేశారు. సగం సినిమా అయిపోయింది. మిమ్మల్ని జాగ్రత్త కోసమని అడిగి, ఆ కాగితాలే సెట్టు మీదికి పంపింది నేనే. వద్దని చెప్పవలసింది, చెప్పలేదు. అది నా తప్పు.

రెండో నిజం ఇంకా పెద్దది. మా ప్రకటన చూసి జోగిపేట నుంచి ఒకాయన వచ్చారు. టీవీలు బాగుచేస్తారట. ఆ రోజుల్లో పదమూడు భాగాలూ క్యాసెట్ల మీద రికార్డు చేసి దాచుకున్నారు. మొన్న రాత్రికి చూడటం ముగించాను. మొగులయ్య గారూ, మీ ఉత్తరాల్లోని ఒక్క సంఘటన కూడా అందులో లేదు. అందులో గోవర్ధనం ఆలస్యంగా వచ్చినవాళ్ళందరినీ లోపలికి పంపేస్తాడు. వాళ్ళ తప్పు తన మీద వేసుకుని తిట్లు తింటాడు. పిల్లి వచ్చినా లేచి దారి ఇస్తాడు. పోచయ్య గారు చెప్పినట్టు, శాన మంచోడు. సీడీలు చేయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, మీరే చూడండి.

ఇప్పుడు మా నిర్మాతకు చెమటలు పడుతున్నాయి. మేము తీసిన సినిమా మేము కొన్న సీరియల్ కాదు, మీ జీవితం. మీరు ఒప్పుకోకపోతే తీసిందంతా పారేయాలి. నా ఉద్యోగం కూడా దానితోపాటే. అయినా మీ మీద ఒత్తిడి తేవడానికి ఇది రాయలేదు. మీరు వద్దంటే వద్దు.

క్షమాపణలతో,
కనకమహాలక్ష్మి

తా.క.: మీ పదహారు పేజీల నోటీసు కూడా తీశారు. క్లైమాక్సులో జడ్జి చదువుతూ చదువుతూ రిటైరవుతాడు.

*

కిష్టారెడ్డిపేట,
20 ఆగస్టు 2003.

అమ్మా కనకమహాలక్ష్మీ,

ముందు నీ క్షేమం కోరుతున్నాను. మొదటి ఉత్తరంలో ఆపి ఉంచినది కూడా కలిపి.

పక్కింటి వాళ్ళ దగ్గర సీడీ ప్లేయరు తెచ్చి, పదో తారీఖు ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదమూడు భాగాలూ చూశాం. నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మూడో భాగం అయ్యేసరికి ముత్యమ్మ అన్నది: "వీడెవడో గాని నువ్వైతే కాదు. నువ్వు గిట్లుంటే నా బతుకు ఎట్లుంటుండె." నాకూ అదే అనిపించింది. ఆ గోవర్ధనం గంటన్నర ఆలస్యంగా వచ్చినవాడికి టీ పోయించి లోపలికి పంపుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అంత మండినా, లోపల ఎక్కడో పదిహేనేళ్ళ నాటి ముల్లు ఒకటి దానంతట అదే జారిపోయింది. లేచి నడిస్తే కాలు తేలికగా పడింది. అతిశయోక్తి నాకు గిట్టదని నీకు తెలుసు.

మర్నాడు లక్డారం వెళ్ళాను. ఐలన్న ఇప్పుడు బర్రెలు మేపుకుంటున్నాడు. పదమూడు వారాలు నాకు చెప్పింది ఏమిటని నిలదీశాను. బర్రె మెడ నిమురుతూ తాపీగా చెప్పాడు.

"మా ఇంట్ల అప్పుడు టీవీ ఏడిదే మొగులన్నా? నేను గూడ సూడలే. టీవీల నువ్వే ఉన్నవని మొదటి వారం ఊకెనే అన్న. నీ మొఖం ఎర్రగైంది. ఇగ నాకు ఉషారొచ్చింది. ఫ్యాక్టరీల నువ్వు చేసినయే నీకు సెప్పిన. ఒక్కనాడు నువ్వు అబద్ధమంటే బంద్ జేస్తుంటి. నువ్వంటివా?"

అనలేదు. జరిగినవే కదా, అబద్ధమని ఎట్లా అంటాను?

అక్కడి నుంచి నేరుగా పోచయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూసి, కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేనే కూర్చున్నాను. నీళ్ళు తెచ్చి పెట్టాడు. నేను సీరియల్ మాట ఎత్తబోతుండగానే అతను చేతులు పట్టుకున్నాడు.

"తప్పు నాదే మొగులయ్యా. నిన్ను బీ షిఫ్టుల ఏయించింది నేనే. నీకు ఎన్నడో తెలిసింటది, అందుకే మాట బంద్ జేసినవని ఇన్నేండ్లు సిగ్గుతోని సచ్చిన."

నాకు అర్థం కాలేదు. షిఫ్టు ఎందుకు వేయించావని అడిగాను. అతను నేల చూసుకుంటూ చెప్పింది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"గది నేను రాసిన మొదటిది. లోకమంత సూసినా భయం లేకుండె. నువ్వు సూస్తవంటే భయమైంది. నువ్వు గన్ని పుస్తకాలు చదివినోనివి, ఎర్ర పెన్సిలు పట్టినవంటే నేను ఇగ బతికున్నంత కాలం కలం పట్టనని ఎరుకే. ఆఫీసులున్నోళ్ళ కాళ్ళు పట్టుకుని పదమూడు వారాలు నిన్ను అవుతల పెట్టించిన."

అంటే క్రమశిక్షణ కోసం నన్ను ఎంచుకోలేదన్నమాట. మొత్తం మీద అదొక్కటే నాకు కొంచెం బాధగా ఉంది. మిగతాదంతా హాయిగా ఉంది. నవ్వులపాలు చేశాడనుకున్నవాడు నాకు భయపడ్డాడు. ఇరవై ఏళ్ళ స్నేహంలో ఇంతకన్నా పెద్ద మర్యాద అతను నాకెప్పుడూ చేయలేదు.

ఇక నీ సినిమా. నీ తప్పు నువ్వే ఒప్పుకున్నావు. సంజాయిషీ తృప్తికరంగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఈ మాట రాయడం నాకు ఇదే మొదటిసారి. ఒప్పుకుంటున్నాను, తీసింది పారేయకండి. ఒక షరతు. మీ సినిమాలో ఉన్నవాడు గోవర్ధనం కాదు. గోవర్ధనం పోచయ్య కన్న బిడ్డ, మంచివాడు. అతని పేరు నా మీద పెట్టి అతణ్ణి చెడగొట్టకండి. నాకు నా పేరే పెట్టండి. మొగులయ్య అని, ఇంటిపేరు అక్కర్లేదు. కాలనీలో సార్ అని పిలిచే నలుగురూ పోతే పోనీ, ఎవరి గురించి నవ్వుతున్నారో తెలిసి నవ్వుకుంటారు.

ఆశీస్సులతో,
మొగులయ్య

తా.క.: సీరియల్ చూస్తూ రాసుకున్న లోపాలు పదకొండు పేజీలు అయ్యాయి. స్నేహం కుదిరింది కదా అని పోచయ్యకు ఇచ్చాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పాలబూతు దగ్గర దగ్గరికి వచ్చి, "ఏడో పేజీల నువ్వు రాసింది కరెక్టే. మిగిలిన పది తప్పు" అన్నాడు. ఎట్లా తప్పో రోజూ పొద్దున మా అరుగు మీద కూర్చుని తేల్చుకుంటున్నాం. ఇప్పటికి రెండో పేజీలో సగం దాకా వచ్చాం.